రెండున్నర పౌన్ల తుపాకి

మా పెద్దమ్మ విన్నీ కొట్టులోకి వచ్చే పద్ధతి చూస్తే నాకు ఒళ్ళు మండేది. తలుపు బార్లా తెరుస్తుంది. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. బయట మైనస్ ముప్పై ఉన్నా సరే, వసారాలో గోడకి తుపాకి ఆనించి, అది జారిపోదు కదా అని రెండుసార్లు చూసుకుని, వెనక్కి వెళ్ళి ఇంకోసారి సర్ది, అప్పుడు లోపలికి వచ్చి తలుపు మూస్తుంది. ఈలోపు నేను పొద్దున్నుంచి పొయ్యిలో వేసిన కట్టెల వేడంతా యూకాన్ నది మీదికి పోయేది.

"పెద్దమ్మా, తలుపు" అనేవాణ్ణి.

"మూస్తాన్లేరా. నీ కొట్టేం పారిపోదు" అనేది.

మా దగ్గర ఎవరూ తుపాకిని ఇంట్లోకి తీసుకురారు. చలిలో తిరిగిన ఇనుము వెచ్చటి గదిలోకి వస్తే చెమట పడుతుంది. మళ్ళీ బయటికి తీసుకెళితే ఆ చెమట లోపలి సందుల్లో గడ్డకడుతుంది. ఇక ఆ తుపాకి కర్రతో సమానం. మా ఊరి పిల్లలు మాటలు నేర్చుకునే వయసులోనే ఈ సంగతీ నేర్చుకుంటారు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, మా నాన్న తుపాకిని నేను గొప్పగా మోసుకుంటూ పెద్దమ్మ ఇంట్లోకి వెళితే, ఆవిడ చెంప ఛెళ్ళుమనిపించి, నన్నూ తుపాకినీ కలిపి వసారాలోకి నెట్టింది. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది తెలియనివాళ్ళు చేసిన తప్పు అనుకోవద్దు.

నా పేరు క్లెమెంట్. ఊళ్ళో ఉన్న ఒక్క కొట్టూ నాదే. పిండి, టీ, కిరోసిన్, తూటాలు, బూట్లు అన్నీ నా దగ్గరే దొరుకుతాయి. వారానికి రెండుసార్లు విమానం తెచ్చిన సరుకు దించుకోవడం, తర్వాత మోకాళ్ళు పట్టుకుని కూర్చోవడం, ఇదీ నా బతుకు. నలభై ఎనిమిదేళ్ళకే నా మోకాళ్ళు పోయాయి. మా అమ్మకి అక్క అయిన విన్నీ పెద్దమ్మ మాత్రం డెబ్బైకి ఒకటి తక్కువ వయసులో, వెడల్పాటి మంచుచెప్పులు కట్టుకుని పదిహేను మైళ్ళు నడిచొచ్చేది. వచ్చి నా ఎదురుగా కూర్చుని, "ఏరా, ఈ రోజైనా లేచావా ఆ కుర్చీలోంచి?" అని అడిగేది.

ఆవిడకి పిల్లల్లేరు. పెళ్ళయినప్పటినుంచి ఉన్నదల్లా కుందేలు వాగు పక్కన ఉచ్చుల దారి. మొదటిరోజు వాగు వెంబడి పైకి ఏడు మైళ్ళు నడిస్తే కొండ కింద చిన్న గుడిసె ఉంటుంది. రాత్రి అక్కడ పడుకుని, రెండోరోజు గుట్ట మీదుగా ఎనిమిది మైళ్ళు చుట్టి ఊరికి చేరాలి. దారి పొడుగునా మార్టెన్‌లకి పదకొండు ఉచ్చులు. మార్టెన్ అంటే పిల్లికంటే చిన్న జంతువు, ఒంటినిండా తేనెరంగు బొచ్చు. ఆ దారి హార్వీ పెదనాన్న వాళ్ళ నాన్న గొడ్డలితో కొట్టుకున్నది. ఆయన తర్వాత పెదనాన్న నడిచాడు, పెదనాన్న వెనకాల పెద్దమ్మ నడిచింది. పన్నెండేళ్ళ కింద ఊపిరితిత్తుల జబ్బుతో పెదనాన్న పోయాక ఒక్కతే నడిచింది. ఊరంతా మోటారు మంచుబండ్లు కొనుక్కుంది. ఈవిడ కొననంది. "అది అరుస్తుంటే నాకు అడవి వినపడదు" అంది.

మా ఊళ్ళో ఉచ్చుల దారికి కాగితాలుండవు. అది నడిచినవాళ్ళది. వరసగా రెండు చలికాలాలు నడవకపోతే ఇంకొకరు అడగొచ్చు. నీ ఉచ్చుల్లో పడినదాన్ని ఇంకొకరిచేత ఎత్తించుకుంటే మాత్రం ఆ రోజుతో దారి వాళ్ళదైపోయినట్టే. దీన్ని ఎవరూ రాసిపెట్టలేదు, కాదన్నవాళ్ళనీ నేను చూడలేదు.

నేను చెప్పబోయేదానికి ముందు చలికాలం పెద్దమ్మ నడవలేదు. నది మీద నీళ్ళ బకెట్టు మోస్తూ జారిపడి కుడిభుజం విరగ్గొట్టుకుంది. ఫెయిర్‌బ్యాంక్స్‌లో పెద్ద ఆసుపత్రిలో కోసి మేకులు వేశారు. ఆ ఎండాకాలం లెస్టర్ ఒక ఎండు సాల్మన్ చేపల కట్ట తీసుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాడు. ముప్పై ఏళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, ఊళ్ళో పని లేదు, సొంత దారి లేదు. మర్యాదస్తుడే. కూర్చుని, చేపలు బల్లమీద పెట్టి, చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడాడట. పెద్దమ్మే తేల్చేసింది.

"ఇంకో చలికాలం ఉంది కదరా నాకు. అది అయ్యాక రా."

"అలాగే మామ్మా" అని లేచి వెళ్ళిపోయాడు. చేపలు అక్కడే వదిలేశాడు.

అంటే ఆ చలికాలం ఆవిడ నడవాలి. నడవకపోతే దారి పోతుంది. ఊరంతటికీ తెలుసు ఆ సంగతి. డాక్టరు ఏమన్నాడో మాత్రం నాకొక్కడికే చెప్పింది.

నవంబరులో ఒక సాయంత్రం, కొట్టు కట్టేసే వేళకి వచ్చింది. అదే తంతు, తలుపు బార్లా తెరవడం, వసారాలో తుపాకి. ఆపైన వీపుసంచి భుజం మీంచి దించి తీసుకొచ్చి, నేను పిండి తూచే కాటా మీద ధబ్బున పెట్టింది.

"ఎంతుందో చూడు."

ఆ రోజు విమానం ఆలస్యంగా వచ్చింది. పొద్దుటినుంచి పిండి బస్తాలు, కిరోసిన్ డబ్బాలు దించి దించి నా కుడిమోకాలు గుమ్మడికాయంత అయింది. నిలబడే ఓపిక లేదు. అయినా చూశాను.

"పదిహేడు పౌన్లు."

"ఇప్పుడు దాన్ని కలుపు" అని వసారా వైపు చూపించింది. పెదనాన్న పాత తుపాకి ఎనిమిదిన్నర పౌన్లని నాకు చూడకుండానే తెలుసు.

"ఇరవై ఐదున్నర."

"డాక్టరు ఇరవై దాటొద్దన్నాడు. దాటితే మేకులు ఊడొస్తాయట. మళ్ళీ కోసినా అతకదట." కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఐదున్నర పౌన్లు తియ్యాలి. ఏం తియ్యను చెప్పు."

సంచి అంతా విప్పాం. పడుకునే సంచి తీయడానికి లేదు. గొడ్డలి తీయడానికి లేదు. ఎండుచేప, గట్టి బిస్కెట్లు, మాంసపు కొవ్వు అవసరమే. మారు సాక్సులు, తాడు, అగ్గిపెట్టెలు అసలు బరువే లేవు. అడుగున, గుడ్డలో చుట్టి, పెదనాన్న టీ కెటిల్ ఉంది. పాతకాలపు ఎనామిల్‌ది, మూతి దగ్గర పెచ్చులూడింది. కాటా మీద పెట్టాను. ఒకటిన్నర పౌను.

"ఇక తుపాకే తగ్గాలి" అన్నాను.

"అదే కదా నేను చెప్పేది. నీ దగ్గర తేలికవి ఏమున్నాయో చూపించు. చిన్న తూటావి చాలు. అడవికోడి దొరికితే కొట్టుకోవడానికి, దారికడ్డంగా ఎవరైనా నిలబడితే చప్పుడు చేయడానికి." ఎవరైనా అంటే మూస్ దుప్పి. చలికాలంలో లోతు మంచులో నడవలేక అది మనం తొక్కిన బాట మీదికే వచ్చి నిలబడుతుంది. గుర్రంకంటే పెద్దది, పక్కకి తప్పుకోదు. పెద్దమ్మ ఎప్పుడూ గాల్లోకి ఒక్కటి పేల్చేది, అది పోయేది.

"పెదనాన్న చేతితుపాకి ఉంది కదా?"

"దాంతో నేను చెట్టుని కూడా కొట్టలేను. ఆయనా కొట్టలేదు ఏనాడూ."

గోడ మీంచి రెండు దించాను. ఒకటి మడతపడేది. రెండు గొట్టాలు ఒకదాని మీద ఒకటి, మధ్యలో విరిచి మడిస్తే మోచేతి పొడవవుతుంది. నాలుగున్నర పౌన్లు. దాని మీట వేలితో నొక్కేది కాదు, నాలుగు వేళ్ళతో పిండే పెద్ద పట్టీ. చేతితొడుగులు తీయకుండానే నొక్కొచ్చు. రెండోది విడదీసేది. గొట్టం, లోపలి భాగాలు, అన్నీ విడగొట్టి దాని మడమలోనే దాచి మూత పెట్టేయొచ్చు. పెట్టేశాక చూస్తే ప్లాస్టిక్ డబ్బాలా ఉంటుంది, సంచి అడుగున ఎక్కడైనా పడుంటుంది. రెండున్నర పౌన్లు. దాన్ని రెండేళ్ళుగా ఎవరూ కొనలేదు.

పెద్దమ్మ మడతతుపాకి తీసుకుంది. తొడుగులు వేసుకుని పట్టీ పిండింది. టక్. మళ్ళీ పిండింది. టక్. మొహం కాస్త వెలిగింది.

"ఇది బాగుందిరా. చేతులు బయటపెట్టక్కర్లేదు."

"సంచిలో పట్టదు. మూతి బయటికొస్తుంది."

"పట్టకపోతే పక్కన కట్టుకుంటా. దానికేం?"

"పదిహేడూ నాలుగున్నరా, ఇరవై ఒకటిన్నర అయింది" అన్నాను. "ఇరవై దాటొద్దన్నాడని నువ్వే చెప్పావు."

ఆవిడ కాటా వైపు చూసింది. నేనూ చూశాను. కాటా పక్కనే కెటిల్ ఉంది. ఒకటిన్నర. అది తీసేస్తే సరిగ్గా ఇరవై. గుడిసెలో వేరే గిన్నె ఉంటుంది, లేకపోతే నా కొట్టులోంచి గుప్పెడంత రేకు డబ్బా ఇచ్చేవాణ్ణి. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. కెటిల్ తీసెయ్యి పెద్దమ్మా అంటే, హార్వీ పెదనాన్న ఆ కెటిల్ ఎక్కడ సంపాదించాడో, అందులో మొదటి టీ ఎవరు తాగారో ఆ కథ మొదలవుతుంది. అది అరగంట కథ. చెబుతూ మధ్యలో ఏడుస్తుంది కూడా. నా మోకాలు సలుపుతోంది. పొయ్యి ఆరిపోతోంది. ఇంటికెళ్ళి కాలు బల్లమీద పెట్టుకుని పడుకోవాలని ఉంది.

"ఇది తీసుకో" అని రెండున్నర పౌన్లది ముందుకి తోశాను. "పందొమ్మిదిన్నర అవుతుంది. ఇంకో అర పౌను చేపలు కూడా పెట్టుకోవచ్చు. వీపు మీద తుపాకి ఉన్నట్టే తెలీదు."

"దీన్ని బిగించడానికి తొడుగులు తియ్యాలి కదరా."

"నిమిషం పని."

"మైనస్ నలభైలో నిమిషమంటే..."

"పెద్దమ్మా" అన్నాను. గొంతు కాస్త పెరిగింది. "నీకు భుజం కావాలా, వేళ్ళు కావాలా? ఏదో ఒకటి తేల్చు. నేను కొట్టు కట్టేయాలి."

ఆవిడ నన్ను ఒకసారి చూసింది. సాధారణంగా అలాంటి మాటంటే నా పని అయిపోయేది. ఆ రోజు మాత్రం ఆవిడ సంచి సర్దుకుంది, కెటిల్ గుడ్డలో చుట్టుకుంది. "సరే, అదే ఇవ్వు" అంది.

ఇచ్చేముందు నేనొక మంచిపని చేశాను, అది కూడా చెప్పాలి. చలికి నూనె జిగురై లోపలి సూది కదలకుండా పోతుందని, తుపాకి భాగాలన్నీ పెట్రోలుతో కడిగి, నూనె చుక్క మిగలకుండా తుడిచి ఇచ్చాను. అంత జాగ్రత్త తీసుకున్నాను. ఎలా వాడాలో, ఎలా బిగించాలో చూపించాను. బరువు మూడుసార్లు తూచి చూపించాను.

క్రిస్మస్ అయ్యాక వెళ్ళి పదకొండు ఉచ్చులూ పెట్టి వచ్చింది. కొట్టులోకి వచ్చి, మొదటిసారి, తలుపు వెంటనే మూసింది. వసారాలో పెట్టడానికి ఏమీ లేదు కదా. సంచి పొయ్యి పక్కన దించి కూర్చుంది. "భుజం నొప్పి లేదురా" అంది. నాకు సంతోషమేసింది, అబద్ధమెందుకు. తలుపు మూసినందుకు ఇంకా సంతోషమేసింది. పది రోజులకి మళ్ళీ వెళ్ళొచ్చింది, రెండు మార్టెన్‌లు తెచ్చింది. ఆ రెండుసార్లూ తుపాకిని బయటికి తీసే పనే పడలేదు.

మూడోసారి జనవరి చివర్లో వెళ్ళింది. ఆ వారం చలి బాగా ముదిరింది, మైనస్ నలభై రెండు. రెండోరోజు మధ్యాహ్నం నాలుగింటికి, చీకటి పడుతుంటే, కొట్టు కిటికీలోంచి ఆవిడ నది ఒడ్డు ఎక్కుతూ కనపడింది. నడకలో ఏదో తేడాగా ఉంది. కుడిచెయ్యి కోటు లోపల పెట్టుకుంది. వీపు మీద సంచి లేదు.

నేను మోకాళ్ళ సంగతి మర్చిపోయి పరిగెత్తాను.

జరిగిందంతా తర్వాత ఆవిడ ముక్కలు ముక్కలుగా చెప్పింది. గుట్ట దిగుతుంటే, ఎనిమిదో ఉచ్చు దాటాక, బాట మీద ఆడ మూస్ నిలబడి ఉంది. ఎముకలు తేలి ఉందట. చెవులు వెనక్కి వేసింది, మెడమీద వెంట్రుకలు లేచాయి. పెద్దమ్మ మెల్లిగా వెనక్కి జరిగి, సంచి దించి, డబ్బా తెరిచి, తొడుగులు తీసి తుపాకి బిగించింది. గాల్లోకి ఎత్తి నొక్కింది. చప్పుడు లేదు. టక్ అని కూడా అనలేదు. లాగి మళ్ళీ నొక్కింది. ఇనుముకి చర్మం అతుక్కుంటోంది. ఊదింది, మోకాలికేసి కొట్టింది, మళ్ళీ లాగింది. ఎన్నిసార్లో గుర్తులేదంది. అది మీదికొచ్చింది. తుపాకి పారేసి స్ప్రూస్ చెట్టు వెనక్కి దూరింది. మూస్ సంచి మీద పడింది. ముందుకాళ్ళతో తొక్కి తొక్కి, తర్వాత ఆ సంచి పక్కనే గంటకి పైగా నిలబడింది. చెట్టు వెనక పెద్దమ్మ కూడా నిలబడింది. అది పోయాక ఆవిడ సంచి దగ్గరికి వెళ్ళలేదు. వెళితే వంగాలి, వంగితే లేవలేననిపించిందట. నడిచొచ్చేసింది.

ఊరి క్లినిక్‌లో నర్సు గోరువెచ్చని నీళ్ళలో చెయ్యి పెట్టించింది. చూపుడువేలు, మధ్యవేలు చివర్లు తెల్లగా, మైనంలా ఉన్నాయి. నేను పక్కన నిలబడ్డాను. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"తుపాకిని గుడిసెలోకి తీసుకెళ్ళావా?"

పెద్దమ్మ నీళ్ళలో ఉన్న చేతివైపే చూసింది.

"సంచి తీసుకెళ్ళాను" అంది.

నర్సు స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"గుమ్మం దగ్గర చెయ్యి పైకి లేచిందిరా" అంది పెద్దమ్మ. "చూరు కింద తుపాకి తగిలించే మేకు ఉంది కదా, దాని దాకా వెళ్ళింది చెయ్యి. భుజానికి తుపాకి లేదు. సరే లేదు కదా అని లోపలికి వెళ్ళాను. సంచి తడిగా ఉంది. పొయ్యి వెనక తగిలించాను, ఎప్పుడూ తగిలించే చోటే. రాత్రంతా వెచ్చగా ఉంది అక్కడ." ఆగింది. "నీ చెంప పగలగొట్టిన దాన్నే కదరా నేను."

నలభై ఏళ్ళ అలవాటు ఆవిడది. తుపాకి బయట, సంచి లోపల. ఆ రెండూ ఒకటే అయిపోయాయని చెయ్యికి తెలియదు. నేనన్నా చెప్పి ఉండాల్సింది. పెట్రోలుతో కడిగాను, మూడుసార్లు తూచాను, ఈ ఒక్క మాట నాకు తట్టలేదు. కొట్టులో పొయ్యి పక్కన ఆ సంచి దించినప్పుడు కూడా తట్టలేదు. తలుపు మూసిందని సంతోషపడ్డాను. ఆ మడతతుపాకి ఇచ్చి ఉంటే సంచి పక్కన కట్టుకునేది, మూతి కనపడేది, చూరు కింద మేకుకి తగిలించేది. ఒకటిన్నర పౌను కెటిల్ గురించి ఒక్క మాట అని ఉంటే చాలు.

నర్సు కట్టు కడుతుండగా పెద్దమ్మ లేవబోయింది.

"ఎక్కడికి?" అన్నాం ఇద్దరం.

"ఎనిమిది చూశాను. ఇంకా మూడు చూడలేదు. ఈ ఎనిమిదీ మళ్ళీ పెట్టి వచ్చాను. పదకొండూ తెరిచి ఉన్నాయి. చెయ్యి ఇలా ఉంటే ఎప్పటికి వెళ్తాను?" ఉచ్చులో పడినదాన్ని ఎత్తకుండా వదిలేయడం మావాళ్ళు ఒప్పుకోరు. అది జంతువుని అవమానించడం. పెద్దమ్మ వాళ్ళమ్మ దీన్ని పట్టుకుని చచ్చేదాకా చెప్పింది, పెద్దమ్మ నాకు చెప్పింది. అలా వదిలినవాళ్ళకి అడవి మళ్ళీ ఏమీ ఇవ్వదని మా నమ్మకం.

"నేను వెళ్తాను" అన్నాను.

నా మోకాళ్ళ వైపు చూసింది. "నువ్వా. నది దాకా పరిగెత్తావు కదా, చూశాలే. ఎలా కుంటుతూ వచ్చావో కూడా చూశాను." తర్వాత గొంతు తగ్గించింది. "లెస్టర్ని పిలుచుకురా."

"పెద్దమ్మా, లెస్టర్ ఎత్తితే దారి..."

"నాకు తెలీదా? పిలుచుకురారా."

లెస్టర్ వచ్చాడు. తలుపు దగ్గరే నిలబడి టోపీ చేతుల్లో నలుపుతూ విన్నాడు.

"నేను ఎత్తి తెస్తాను మామ్మా" అన్నాడు. "కానీ దారి నీదే. నేనేమీ అడగను. ఎవరితోనూ అనను కూడా."

"నువ్వనకపోతే? అడవికి తెలీదా, ఎవరు ఎత్తారో?" అంది పెద్దమ్మ. "సగం నాదీ సగం నీదీ వద్దు. ఎత్తినవాడిదే. వెళ్ళు, తెల్లారగానే బయల్దేరు."

మర్నాడు చీకటి పడేసరికి తిరిగొచ్చాడు. మూడు మార్టెన్‌లు. మూడింటి ముక్కులకీ, పెద్దమ్మ ఎప్పుడూ జంతువుకి మర్యాదగా రాసేలా, కాస్త కొవ్వు రాసి తెచ్చాడు. ఎవరూ చెప్పకుండానే రాశాడు. చినిగిపోయిన సంచి, రేకుముక్కలా అణిగిపోయిన కెటిల్, ఆ తుపాకి కూడా తెచ్చాడు. తుపాకిని నా బల్లమీద పెట్టి వెళ్ళాడు. రాత్రంతా అది నా కొట్టులోనే ఆరింది. పొద్దున దాన్ని వెనక పెరట్లోకి తీసుకెళ్ళి, ఒక తూటా వేసి నొక్కాను. మొదటిదెబ్బకే పేలింది. అక్కడే మంచులో నిలబడి దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను.

పెద్దమ్మని విమానంలో ఫెయిర్‌బ్యాంక్స్ పంపాం. రెండు వేళ్ళ చివర్లూ తీసేసి పంపించారు. ఫిబ్రవరి ఆఖర్లో ఒక మధ్యాహ్నం లెస్టర్ ఆవిడ ఇంటికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. దారి ఇచ్చేవాళ్ళు పుచ్చుకునేవాళ్ళకి మొత్తం నోటితో చెప్పాలి, అది మా పద్ధతి. పెద్దమ్మ కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. వాగు మొదట్లో ఏ చెట్టు, ఉచ్చు ఏ కొమ్మకి ఎంత ఎత్తులో, ఎక్కడ మంచుకింద నీళ్ళు పారుతుంటాయో, ఎక్కడ ఎడంపక్క అడుగు వేయకూడదో అన్నీ చెప్పింది. లెస్టర్ తల ఊపుతూ విన్నాడు. గుడిసె దాటింది, గుట్ట ఎక్కుతోంది. ఆవిడ గొంతులో కాస్త ఆయాసం వచ్చింది. నేను గమనించాను.

"గుట్ట సగంలో పడిపోయిన బిర్చ్ చెట్టుంటుంది. దాని మీద కూర్చోవాలి" అంది.

"అక్కడ ఉచ్చు ఉందా మామ్మా?"

"లేదు."

"మరి ఎందుకు కూర్చోవడం?"

పెద్దమ్మ కళ్ళు తెరిచింది. "అక్కడికొచ్చేసరికి అలసట వస్తుంది. మా ఆయన కూర్చునేవాడు, నేనూ కూర్చునేదాన్ని. నీకిప్పుడు రాదులే. కొన్నాళ్ళు పోయాక వస్తుంది, అప్పుడు గుర్తుంచుకో."

పదకొండో ఉచ్చు దాకా చెప్పి ఆపింది. లెస్టర్ చాలాసేపు కూర్చుని, ఆవిడ మంచి చెయ్యి ఒకసారి పట్టుకుని, వెళ్ళిపోయాడు. తలుపు మెల్లిగా మూశాడు.

కెటిల్ లేదు కాబట్టి గిన్నెలో నీళ్ళు పెట్టాను. నెలరోజులుగా దాచుకున్నది ఇక దాచలేకపోయాను.

"పెద్దమ్మా, ఆ రోజు కెటిల్ తీసేస్తే మడతతుపాకి సరిపోయేది. సరిగ్గా ఇరవై వచ్చేది. నాకు తెలుసు. నోటిదాకా వచ్చింది. నాకు మోకాలు నొప్పిగా ఉంది, కొట్టు కట్టేసి ఇంటికి పోవాలని ఉంది. అందుకే చెప్పలేదు."

ఆవిడ కట్టు కట్టిన వేళ్ళని ఒళ్ళో పెట్టుకుని వాటివైపే చూస్తోంది.

"తెలుసురా" అంది. "లెక్క నాకూ వచ్చు. నువ్వు కెటిల్ వైపు చూడటం చూశాను. తియ్యమంటావేమోనని భయపడ్డాను. అనలేదు కదా అని ఊరుకున్నాను."

నేను రెండు కప్పులు దించి బల్లమీద పెట్టాను.

"నేనూ అలసిపోయానురా క్లెమ్. లేకపోతే నీ మాట వింటానా?" అంది. తర్వాత, "నీళ్ళు మరుగుతున్నాయి, చూడు" అంది.